బొగ్గుబాయి దగ్గులో ఏ క్షయ క్రిమి?

గోదావరిఖనిలో దగ్గు వస్తే ముందుగా దుమ్ము పేరే చెబుతారు. ఇంక్లైన్‌లోంచి షిఫ్టు ముగించుకుని పైకొచ్చిన కార్మికుడు కాండ్రించి ఉమ్మితే గళ్ళ నల్లగా పడుతుంది. సెలవు రోజు పొద్దున కూడా అంతే. ‘బాయి పని అన్నంక దగ్గు రాకుంటదా’ అంటారు తోటివాళ్ళు. ఇంత బెల్లం తింటే లోపలి పొడి కడుక్కుపోతుందంటారు ఇంట్లోవాళ్ళు. బెల్లం కడుపులోకి పోతుంది గానీ ఊపిరితిత్తుల్లోకి పోదు. దగ్గు నెలల తరబడి సాగుతుంది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతుంది. నడుముకు పెట్టుకునే బెల్టు ఒక రంధ్రం లోపలికి జరుగుతుంది. అప్పటికిగానీ గళ్ళ పరీక్ష మాట ఎవరి నోటా రాదు.

పరీక్షలో బయటపడ్డాక ‘టీబీ అట’ అనుకుని అక్కడితో ఆగిపోతాం. ఏ టీబీ అని అడిగేవాళ్ళు అరుదు. నిజానికి అడగాల్సిన ప్రశ్న అదే. సూక్ష్మదర్శిని కింద క్షయ క్రిములన్నీ ఒకే తీరుగా, సన్నటి ఎర్రని పుల్లల్లా కనిపిస్తాయి. కానీ ఒకరి ఛాతీలోని క్రిమి రిఫాంపిసిన్ మాత్రకు చస్తుంది, పక్క క్వార్టర్‌లోని మనిషి ఛాతీలో ఉన్నది అదే మందులో నిక్షేపంగా పెరుగుతుంది. ఆ రెండింటికీ ఉన్న తేడా డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం కావచ్చు. ఆ అక్షరాన్ని చదవకుండా మందులు మొదలుపెట్టడం ఎక్కడైనా తప్పే. దుమ్ము తిన్న ఊపిరితిత్తులున్న బొగ్గుబెల్టులో మరీ పెద్ద తప్పు.

దుమ్ము సంగతి ముందు తేల్చుకోవాలి. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టిన నాటి నుంచి నేటి రామగుండం ఓపెన్‌కాస్టుల దాకా, గోదావరి లోయలో బొగ్గు పొరల కిందా పైనా ఉన్నది ఎక్కువగా ఇసుకరాయి. ఇసుకరాయి అంటే సిలికా. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా రూఫ్ బోల్టులు వేయాలంటే ఆ రాతిలోకే డ్రిల్లు దింపాలి. ఓపెన్‌కాస్టులో ఓబీ, అంటే బొగ్గు మీది రాతి పొర, తీయాలంటే ఆ రాతినే తొలిచి పేల్చాలి, డంపర్లలో ఎత్తిపోయాలి. గళ్ళను నల్లగా చేసేది బొగ్గు పొడి. కంటికి కనబడకుండా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి కూర్చునేది సిలికా. రెండూ హానికరమే. అయితే క్షయకు తలుపు తీసేది ముఖ్యంగా ఈ రెండోదే.

మన ఊపిరితిత్తుల్లో కాపలా తిరిగే కణాలుంటాయి, వాటిని మాక్రోఫేజులంటారు. పీల్చిన గాలితో వచ్చే ధూళినీ క్రిములనూ మింగి జీర్ణం చేసుకోవడం వాటి పని. సిలికా రేణువును మింగిన మాక్రోఫేజు దాన్ని అరిగించలేదు. లోపలి సంచి చిట్లి, కణమే చచ్చిపోతుంది. రేణువు మళ్ళీ బయటపడుతుంది, మరో మాక్రోఫేజు వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. ఈ వరసలో చుట్టూ మచ్చకట్టిన కణజాలం గట్టిపడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. క్షయ క్రిమి బతికేది కూడా మాక్రోఫేజులోనే. ఆరోగ్యమైన మాక్రోఫేజు దాన్ని ఏళ్ళ తరబడి అణచి ఉంచగలదు, సిలికాతో చితికిపోయిన మాక్రోఫేజుకు ఆ శక్తి ఉండదు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో సిలికోసిస్ ఉన్న కార్మికులకు, లేనివారికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా క్షయ వచ్చినట్టు తేలింది. గని దిగడం మానేసిన తర్వాత కూడా ఆ ముప్పు పోదు, ఎందుకంటే సిలికా ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది.

మందుల విషయంలోనూ సిలికా అడ్డు తగులుతుంది. హాంకాంగ్ ఛాతీ వైద్య విభాగం, మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన అధ్యయనం 1991లో అచ్చయింది. సిలికోసిస్‌తో పాటు క్షయ ఉన్నవారిలో ఆరు నెలలు మందులు వాడిన వాళ్ళలో 22 శాతం మందికి మూడేళ్ళలోపు జబ్బు తిరగబెట్టింది. ఎనిమిది నెలలు వాడిన వాళ్ళలో అది 7 శాతమే. బాయి పని చేసిన మనిషికి క్షయ వస్తే అతని దుమ్ము చరిత్ర డాక్టరుకు తప్పనిసరిగా చెప్పాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ‘ఏం పని చేస్తవ్, ఎన్నేండ్లు చేసినవ్, డ్రిల్లింగ్‌లో ఉన్నవా’ అని డాక్టరు అడగకపోతే మనమే చెప్పాలి.

ఇక క్రిమి దగ్గరికి వద్దాం. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ దాన్ని చూపించాడు. దాని డీఎన్‌ఏ మొత్తాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదవడానికి మరో 116 ఏళ్ళు పట్టింది. 1998లో అచ్చయిన ఆ పాఠంలో 44 లక్షల పైచిలుకు అక్షరాలు, దాదాపు నాలుగు వేల జన్యువులు ఉన్నాయి. క్రిమి రెండుగా చీలే ప్రతిసారీ ఈ 44 లక్షల అక్షరాలకూ నకలు తీయాలి. నకలు తీసే యంత్రాంగం చాలా జాగ్రత్త గలది. అయినా ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం బదులు ఇంకొకటి పడుతుంది. అదే మ్యుటేషన్. క్షయ క్రిమి వంశంలో సుమారు రెండు మూడేళ్ళకు ఒక అక్షరం మారి నిలబడుతుంది. బ్యాక్టీరియా లోకంలో ఇది చాలా నిదానం.

పైగా ఈ క్రిమి ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోదు. చాలా బ్యాక్టీరియాలు పక్కవాటి నుంచి జన్యువుల ముక్కలు పుచ్చుకుంటాయి. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో (మన హైదరాబాద్ కాదు) మొండి టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. అప్పటికే కొన్ని మందులకు లొంగని టైఫాయిడ్ క్రిమి ఇంకో జాతి బ్యాక్టీరియా నుంచి ఒక ప్లాస్మిడ్‌ను, అంటే చిన్న డీఎన్‌ఏ వలయాన్ని సంపాదించి, ఒక్క దెబ్బతో మరికొన్ని మందుల నుంచి తప్పించుకుంది. క్షయ క్రిమికి ఆ దారి లేదు. దానికున్న ఆస్తంతా తన నకలు తప్పులే. ఇంత నిదానంగా మారే క్రిమి మందులను ఎట్లా ఓడిస్తున్నది?

జవాబు లెక్కలో ఉంది. క్షయ ముదిరి ఊపిరితిత్తిలో గుల్లపడితే, ఆ ఒక్క గుల్లలో కోటి నుంచి వంద కోట్ల దాకా క్రిములుంటాయి. ఐసోనియజిడ్ అనే క్షయ మందుకు లొంగని క్రిమి సుమారు పది లక్షల్లో ఒకటి సహజంగానే ఉంటుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది పది కోట్లలో ఒకటి. గుల్లలో పది కోట్ల క్రిములున్నాయనుకుంటే, రోగి మొదటి మాత్ర నోట్లో వేసుకోకముందే ఐసోనియజిడ్‌ను లెక్కచేయని క్రిములు వంద దాకా అక్కడ కూర్చుని ఉన్నాయన్నమాట. మందు వాటిని పుట్టించలేదు. 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ వేరే బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగంలో తేల్చిన సూత్రం ఇదే: మార్పు ముందే జరిగి ఉంటుంది, ఆపద వచ్చినప్పుడు అది ఉన్నవి మిగులుతాయి.

ఒక్క మందే ఇస్తే ఏమవుతుందో స్ట్రెప్టోమైసిన్ వచ్చిన కొత్తలోనే లోకం చూసింది. బ్రిటన్‌లో 1947లో మొదలై మరుసటి ఏడు అచ్చయిన పరీక్షలో స్ట్రెప్టోమైసిన్ పొందిన 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు చనిపోయారు, పడక విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు. అద్భుతమైన మందు అనుకున్నారు. కానీ మందు తీసుకున్నవారిలో ఎక్కువమంది గళ్ళలో కొన్ని నెలలకే స్ట్రెప్టోమైసిన్‌కు చావని క్రిములు కనిపించాయి. చచ్చేవి చచ్చాక ఖాళీ అయిన చోటంతా మొండివి ఆక్రమించాయి.

రెండు మందులు కలిపి ఇస్తే లెక్క తిరగబడుతుంది. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ ఒకేసారి లొంగని క్రిమి దొరకాలంటే కోటి కోట్ల క్రిములు కావాలి. అన్ని క్రిములు ఏ ఛాతీలోనూ పట్టవు. క్షయకు నాలుగు మందులు కలిపి ఇచ్చే చికిత్సకు మూలం ఈ గుణకారమే. రోగి మధ్యలో ఒక మాత్ర వేసుకుని ఒకటి పారేసినా, దుకాణంలో దొరికిన రెండు మాత్రలతో నెట్టుకొచ్చినా, ఒంట్లో తేలిక కనిపించగానే మూడో నెలలో మానేసినా ఈ గుణకారం చెడిపోతుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలంతా పడుకునే మనిషి మాత్ర మరచిపోవడం నేరమేమీ కాదు. కానీ మిగిలిన ఒక్క మొండి క్రిమికి అది వారసత్వంగా ఛాతీ మొత్తాన్ని రాసిచ్చినట్టే.

ఆ ఒక్క అక్షరం ఎక్కడ మారుతుందో దగ్గరగా చూద్దాం. ఐసోనియజిడ్ మాత్రగా మింగినప్పుడు విషం కాదు. క్షయ క్రిమి లోపలికి పోయాక, క్రిమికే చెందిన క్యాట్‌జీ అనే ఎంజైమ్ దాన్ని విషంగా మారుస్తుంది. తన చావును తానే వండుకున్నట్టు. క్యాట్‌జీ ప్రోటీన్‌లో 315వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. జన్యువులో అక్కడ ఒక్క అక్షరం, జీ బదులు సీ పడితే, సెరీన్ పోయి థ్రియోనిన్ వస్తుంది. ఎంజైమ్ తన రోజువారీ పని చేసుకుంటూనే ఉంటుంది, ఐసోనియజిడ్‌ను మాత్రం దాదాపుగా ముట్టుకోదు. ప్రపంచమంతటా ఐసోనియజిడ్‌కు లొంగని క్షయలో ఎక్కువగా కనిపించేది ఈ మార్పే.

రిఫాంపిసిన్ కథ వేరు. అది క్రిమి తన జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసుకునే యంత్రంలో ఒక గుంటలో ఇరుక్కుని పని ఆపేస్తుంది. ఆ గుంట ఉన్న భాగానికి నమూనా ఆర్‌పీఓబీ అనే జన్యువు. అందులో 450వ స్థానంలో సీ బదులు టీ పడితే సెరీన్ స్థానంలో లూసిన్ వస్తుంది. లూసిన్ బొద్దుగా ఉంటుంది. మందు ఇక అక్కడ పట్టదు. ఈ మార్పు వచ్చిన క్రిమి మొదట కొంచెం నీరసంగా పెరుగుతుంది. ఇది మనకు ఊరట కావాల్సింది, కానీ కొన్నాళ్ళకు అదే యంత్రంలోని ఇంకో భాగంలో, ఆర్‌పీఓసీ జన్యువులో, మరో మార్పు వచ్చి ఆ నీరసాన్ని పూడుస్తుంది. అప్పుడది మందుకూ లొంగదు, వ్యాప్తిలోనూ వెనుకబడదు. ఇట్లాంటి క్రిమి ఒకరి ఛాతీలో తయారైతే, ఇంట్లో రెండోవాళ్ళకు అంటేది తయారైన మొండి క్షయే. వాళ్ళు ఒక్క మాత్ర కూడా మానెయ్యలేదు, అయినా మొదటి రోజు నుంచే మందు పనిచేయదు. మొండి క్షయ వచ్చిందంటే ‘మందులు సరిగా మింగలేదు’ అని రోగిని నిందించే అలవాటు మనలో ఉంది. అది అన్యాయం.

ఈ మార్పులు నిన్నా మొన్నటివి. వీటి కింద వేల ఏళ్ళ నాటి తేడాలు కూడా ఉన్నాయి. అక్కడ తెలుగు నేలకూ దక్షిణాదికీ ప్రత్యేక స్థానం ఉంది.

మద్రాసులో 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా శానిటోరియంలో ఉంచినంత బాగా నయమవుతుందనీ, సరిగా మందులు వాడే రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంటివాళ్ళకు అదనంగా ముప్పు రాదనీ 1959లో నిరూపించిన కేంద్రం ఇది. అప్పటిదాకా క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమో, వికారాబాద్ అనంతగిరి గుట్టల మీది శానిటోరియమో దిక్కు. రెండు గదుల క్వార్టర్‌లో క్షయ రోగితో కలిసి బతికే కార్మిక కుటుంబాలకు ఈనాటికీ ధైర్యమిచ్చే ఫలితం అది. ఆ కేంద్రంతో కలిసి పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త డెనిస్ మిచిసన్ ఒక వింత గమనించాడు. దక్షిణ భారత రోగుల నుంచి తీసిన క్రిముల్లో చాలావాటిని గినీపిగ్‌లకు ఎక్కిస్తే, బ్రిటిష్ రోగుల క్రిములంత తీవ్రంగా జబ్బు చేయలేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు కూడా అవి తొందరగా చచ్చాయి. ఇది 1960ల తొలినాళ్ళ మాట. డీఎన్‌ఏ చదివే పద్ధతులు అప్పటికి లేవు. ‘దక్షిణ భారత రకం’ అని గుర్తుపెట్టుకుని ఊరుకున్నారు.

దాని గుట్టు నలభై ఏళ్ళకు విప్పడం మొదలైంది, అందులో హైదరాబాద్‌కు భాగముంది. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీలో సయ్యద్ హస్నైన్, నియాజ్ అహ్మద్ తదితరులు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలతో కలిసి దేశంలోని 12 ప్రాంతాల నుంచి తీసిన 91 క్షయ క్రిముల జన్యువులను పోల్చారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. భారతదేశంలో పురాతన వంశాల క్రిములు ప్రబలంగా ఉన్నాయనీ, క్షయకు ఇది చాలా పాత నివాసమనీ వారి నిర్ధారణ. దక్షిణాదిన ఎక్కువగా కనిపించేది హిందూ మహాసముద్ర తీరాల వెంబడి పాతుకుపోయిన ఒకటో వంశం. ఉత్తరాదిన మూడో వంశం ఎక్కువ. బీజింగ్ పేరుతో పిలిచే రెండో వంశం మందులకు లొంగకపోవడంలో ప్రపంచమంతటా చెడ్డపేరు తెచ్చుకుంది.

పాత, కొత్త వంశాలను విడదీసే గుర్తుల్లో ముఖ్యమైనది టీబీడీ1 అనే డీఎన్‌ఏ ముక్క. రెండు వేలకు పైగా అక్షరాల ఈ ముక్క మన ఒకటో వంశంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. రెండు, మూడు, నాలుగు వంశాలకు పూర్వీకుడైన ఏదో క్రిమిలో అది ఊడిపోయింది. ఊడిపోవడం వాటికి నష్టం కాలేదు సరికదా, మాక్రోఫేజు చిమ్మే ఆక్సీకరణ విషాలను తట్టుకునే శక్తి పెరిగిందని 2020లో వచ్చిన ప్రయోగాలు చూపించాయి. మిచిసన్ సీసాలో పెరాక్సైడ్‌కు దక్షిణ భారత క్రిములు తొందరగా చావడానికి ఒక కారణం ఇదే అయి ఉండవచ్చు. 1998లో మొదటిసారి చదివిన నమూనా క్రిమి 1905లో అమెరికాలో ఒక రోగి నుంచి తీసినది, నాలుగో వంశానిది. దానిలో ఈ ముక్క లేనే లేదు. ప్రపంచ ప్రయోగశాలలు దేన్ని మూలపాఠంగా పెట్టుకుని మన రోగుల క్రిములను చదువుతున్నాయో, ఆ పాఠంలో మన క్రిమి పేజీ ఒకటి చిరిగిపోయి ఉందన్నమాట. మన నేల క్రిములను మనం చదువుకోవాలనడానికి నాకు ఇంతకంటే బలమైన కారణం తోచదు.

‘పాత వంశం, మెతక వంశం’ అని మాత్రం ఎవరూ నిశ్చింతగా ఉండకూడదు. గినీపిగ్‌లో మెతకగా ఉన్నది మనిషిలో మెతక కావాలని లేదు. ఒకటో వంశం క్రిమికి కూడా క్యాట్‌జీ 315 దగ్గర అక్షరం మారుతుంది, ఆర్‌పీఓబీ 450 దగ్గరా మారుతుంది. పైగా రామగుండం ఏ ఒక్క వంశానికో పరిమితమై ఉండే ఊరు కాదు. బాయిలో ఓబీ కాంట్రాక్టు పనికి, ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రంలో పనికి, ఇటుక బట్టీలకు దూర రాష్ట్రాల నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. మనుషుల వెంట ఏ వంశమైనా రావచ్చు, ఇక్కడిది ఎక్కడికైనా పోవచ్చు.

ఇప్పుడు పరీక్ష. గళ్ళను గాజు పలక మీద పూసి రంగువేసి చూసే పాత పద్ధతి క్రిమి ఉందో లేదో చెబుతుంది, ఏ మందుకు లొంగుతుందో చెప్పలేదు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చెబుతుంది గానీ వారాలు పడుతుంది. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు జన్యువునే చూస్తాయి. ట్రూనాట్ మన దేశంలో తయారైనదే, బ్యాటరీ మీద నడుస్తుంది, చిన్న ఆరోగ్య కేంద్రంలోనూ పెట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని ఆమోదించింది. ఈ యంత్రాలు గంటల్లో రెండు సంగతులు చెబుతాయి: క్షయ క్రిమి ఉందా, ఉంటే రిఫాంపిసిన్‌కు లొంగుతుందా. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ఇది ఉచితం.

అయితే సీబీనాట్ చూసేది ఆర్‌పీఓబీ జన్యువులోని 81 అక్షరాల ముక్కను మాత్రమే. రిఫాంపిసిన్‌ను ఓడించే మార్పుల్లో అత్యధిక భాగం ఆ 81లోనే ఉంటాయి కాబట్టి ఇది తెలివైన ఎంపికే. కానీ బాయిలో ఒక గ్యాలరీలో కర్రతో పైకప్పు తట్టి చప్పుడు విని, బాయి మొత్తం భద్రమని ఏ ఓవర్‌మన్ రాసివ్వడు. ఆఫ్రికాలో ఎస్వాతిని అనే చిన్న దేశం ఉంది. అక్కడి మగవాళ్ళు తరతరాలుగా దక్షిణాఫ్రికా గనులకు పనికి పోతారు. 2009లో జరిగిన సర్వేలోని మొండి క్షయ క్రిములను తర్వాత తరచి చూస్తే, వాటిలో సుమారు 30 శాతం ఆర్‌పీఓబీలో 491వ స్థానం దగ్గర మార్పు ఉన్నవి. ఆ స్థానం 81 అక్షరాల అవతల ఉంది. యంత్రం వాటన్నింటినీ ‘రిఫాంపిసిన్‌కు లొంగేవే’ అంటుంది. రోగులు పనిచేయని మందు మింగుతూ ఉంటే క్రిమి ఊళ్ళు దాటుతుంది. ఒక ప్రాంతంలో ఏ మార్పులు తిరుగుతున్నాయో ముందుగా చదివి పెట్టుకోకపోతే, మంచి యంత్రం కూడా మోసపోతుందని ఎస్వాతిని నేర్పింది.

మనకు ఇంకా దగ్గరి సమస్య ఐసోనియజిడ్. రిఫాంపిసిన్ ఒక్కదాన్నే చూసే పరీక్ష ‘లొంగుతుంది’ అన్నా, క్యాట్‌జీ దగ్గర మార్పు ఉందో లేదో అది చూడనే లేదు. 2014 నుంచి 2016 వరకు మన దేశంలో జరిగిన జాతీయ సర్వేలో, కొత్తగా క్షయ వచ్చినవారిలో 11 శాతం మందికి, అంతకుముందు చికిత్స పొందినవారిలో 25 శాతం మందికి ఐసోనియజిడ్ పనిచేయని క్రిములున్నాయి. రెండు ప్రధాన మందులకూ లొంగని క్షయ కొత్తవారిలో మూడు శాతం లోపు, పాతవారిలో 11 శాతానికి పైన. అంటే రిఫాంపిసిన్ ఫలితం బాగుందని సంతోషపడిన తర్వాత, లైన్ ప్రోబ్ పరీక్ష కూడా చేయించి ఐసోనియజిడ్ సంగతి తేల్చుకోవాలి. అది కూడా కార్యక్రమంలో భాగమే. అడిగితే చేస్తారు, అడగాలి.

మొండి క్షయ అని తేలినా ఇప్పుడు భయపడి పారిపోవాల్సిన పని లేదు. ఏడాదిన్నరకు పైగా మందులు, నెలల తరబడి ఇంజెక్షన్లు, వాటితో చెవుడు వచ్చే రోజులు పోయాయి. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్ కలిపి ఆరు నెలల చికిత్సను 2024 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఆమోదించింది. బెడాక్విలిన్‌కు కూడా లొంగని మార్పులు అప్పుడే ప్రపంచంలో కనిపిస్తున్నాయి. కొత్త మందుకు పాత మందుల గతి పట్టకుండా కాపాడుకోవడం మన చేతిలోనే ఉంది.

మొత్తం 44 లక్షల అక్షరాలనూ చదవడం వల్ల మరో లాభముంది. ఒక కాలనీలో ఆరు నెలల తేడాతో ఇద్దరికి క్షయ వచ్చిందనుకుందాం, ఒకాయన రిటైరైన కోల్ ఫిల్లర్, ఇంకొకరు వీధి చివర టీ కొట్టు కుర్రాడు. ఆయన నుంచి ఇతనికి అంటిందా? ఇద్దరి క్రిముల డీఎన్‌ఏ పక్కపక్కన పెడితే తేడా ఐదు అక్షరాల లోపు ఉంటే ఈ మధ్యే ఒకరి నుంచి ఒకరికో, ఇద్దరికీ ఒకేచోట నుంచో అంటిందని చెప్పవచ్చు. పన్నెండు అక్షరాలు దాటితే ఇటీవలి లంకె లేనట్టే. ఈ కొలతలు 2013లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధన నుంచి వచ్చాయి. తేడా ఎక్కువగా ఉంటే ఆ ఫిల్లర్ ఛాతీలో ఎప్పుడో యవ్వనంలో చేరి నిద్రపోయిన క్రిమి, సిలికా వల్ల కాపలా సడలి ఇప్పుడు లేచి ఉండవచ్చు. తేడా తక్కువైతే కాలనీలో ఎక్కడో గాలాడని ఒక గది, ఒక వ్యాన్, ఒక విశ్రాంతి షెడ్డు వెతకాలి. మొదటిదానికి దుమ్ము మీద పోరాడాలి, రెండోదానికి గాలాడనితనం మీద. ఏది చేయాలో క్రిమి జన్యువే చెబుతుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం దేశమంతటి నుంచి 30 వేలకు పైగా క్షయ క్రిముల జన్యువులు చదివించే పని 2022లో చేపట్టింది. బొగ్గుబెల్టు నుంచి, అదీ సిలికా పీల్చిన ఛాతీల నుంచి తీసిన క్రిములు అందులో తగినన్ని ఉండేలా రాష్ట్ర ఆరోగ్య శాఖ, బొగ్గు గనులు నడిపే సింగరేణి సంస్థ వైద్య విభాగం, రామగుండంలో 2022లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల కలిసి పూనుకోవాలి. ఆసుపత్రులున్నాయి, కార్మికులకు నిర్ణీత కాలానికి ఎక్స్‌రేతో సహా వైద్య పరీక్షలు జరిగే ఏర్పాటుంది. దేశంలో ఇంత చక్కగా రికార్డు ఉండే శ్రామిక సమూహాలు ఎక్కువ లేవు.

రికార్డు బయట ఉన్నవాళ్ళ గురించే నా దిగులు. రిటైరై క్వార్టర్ ఖాళీచేసి ఊరికి వెళ్ళిపోయినవాళ్ళు, పని దొరికిన చోటికల్లా తరలిపోయే కాంట్రాక్టు కూలీలు. ఊరు మారితే చికిత్స ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగనక్కర్లేదు. క్షయ రోగుల ప్రభుత్వ నమోదు వ్యవస్థ నిక్షయ్‌లో నమోదైన రోగి దేశంలో ఏ ఊరికి వెళ్ళినా అక్కడి కేంద్రానికి బదిలీ చేయించుకుని మందులు తీసుకోవచ్చు. చికిత్స కాలంలో పోషకాహారానికి ఇచ్చే నెలసరి సాయం కూడా 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. సిలికోసిస్ ఉండి క్షయ ఇంకా రానివారికి ముందుజాగ్రత్త మందు ఇవ్వాలని జాతీయ మార్గదర్శకాలు 2021 నుంచి చెబుతున్నాయి.

మీ ఇంట్లో బాయి పని చేసిన పెద్దాయన ఉండి, రెండు వారాలకు మించి దగ్గుతుంటే దుమ్మని సరిపెట్టుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ళ ఇచ్చి సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చేయించండి. క్షయ అని వస్తే మందులు మొదలుపెట్టే రోజే మూడు మాటలు అడగండి: రిఫాంపిసిన్ పనిచేస్తుందా, ఐసోనియజిడ్ పనిచేస్తుందా, దుమ్ములో పనిచేసిన మనిషికి చికిత్స ఎన్నాళ్ళు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. దారి తెలియకపోతే క్షయ కార్యక్రమం ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666.